తెరిపి, గడువు, ఊరట: మాటల మధ్య తేడా

ఏకధాటిగా కురిసే వాన కాసేపు ఆగినప్పుడు దానిని తెరిపి అంటాము. వాన వెలిసినదని అనము. మబ్బు ఇంకను పైననే ఉన్నది. గడ్డిమోపు ఇల్లు చేర్చుకొనుటకు మాత్రము వీలు చిక్కినది. కష్టము తాత్కాలికముగా సడలుట అనే భావమునకు తెలుగులో ఇంతకంటె సరియైన మాట లేదని నా అభిప్రాయము.

పని నడుమ దొరికే తెరిపి విశ్రాంతి. కోతల వేళ చెట్టు నీడన సేదదీరిన కూలీ తిరిగి కొడవలి పట్టవలసినదే. బాధ తగ్గుట ఉపశమనము. మాత్ర వేయగా జ్వరము దిగినంతనే రోగము కుదిరినట్లు కాదు. మూడవది గడువు. మన ఇండ్లలో పొరపాటు జరిగేది ఇక్కడనే.

అప్పునకు గడువు పెంచుట వేరు, మాఫీ వేరు. కరోనా కాలమున 2020 మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు రుణ వాయిదాలను నిలిపియుంచుటకు రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అనుమతి నిచ్చినది. ఆ ఆరు నెలలును వడ్డీ నడుచుచునే ఉన్నది. వడ్డీపై వడ్డీ తగదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పినది గాని, అసలు వడ్డీని రద్దు చేయలేదు. పొలము తగాదాలో వచ్చే స్టే కూడ ఇట్టిదే. తీర్పు ఇంకను రావలసియే ఉన్నది. మన రాజ్యాంగపు 72, 161 అధికరణములు సైతము క్షమాభిక్షను, శిక్ష అమలును కొంతకాలము ఆపుటను వేరువేరుగానే పేర్కొన్నవి.

సరిహద్దు వాసులకు మరియొక చిక్కు కలదు. ‘అవసరము’ మనకు అక్కర. హోసూరు సంతలో తమిళము పలికేవారికి అది తొందర, కన్నడిగులకును అంతే. పర్లాకిమిడి వైపు ఒడియాలో అదే మాట తీరికను, ఉద్యోగ విరమణను తెలుపును! మూలము ఒకే సంస్కృత పదము. ‘అవకాశము’ మనకు వీలు. తమిళ నోటీసులో ‘కాల అవకాశం’ అని యున్నచో అది గడువు. కన్నడ కాగితములో మాత్రము భయము లేదు, అక్కడను గడువు గడువే.

నోటీసు చదివించుకొనుటకు బడికి వచ్చే పెద్దలకు నేను మొదట తేదీ మీద వేలుపెట్టి చూపుదును. తక్కిన మాటలు ఆ తరువాత.