ఖాళీ కుర్చీ రూపాయి తేదు

సీజన్ టికెట్ అంటే మన బస్ పాస్ లెక్కనే. ఒక్కసారి పైసలు కడితే సొంత గ్రౌండ్ల ఆ ఏడాది జరిగే లీగ్ మ్యాచ్‌లన్నీ చూడొచ్చు. దాని ధర దించితే క్లబ్ మునుగుతదని చానామంది అంటరు. నేనైతే ఒప్పుకోను. ఎందుకో బ్రాడ్‌ఫర్డ్ సిటీ ముచ్చట చూస్తే తెలుస్తది.

ఇది ఉత్తర ఇంగ్లండ్ల ఒక పట్నం ఫుట్‌బాల్ క్లబ్. 2001 దాకా ప్రీమియర్ లీగ్‌ల ఆడింది. తర్వాత అప్పులపాలై, మెట్టు మెట్టు దిగుకుంట 2007ల నాలుగో అంచె అయిన లీగ్ టూకు పడ్డది. స్టేడియంల చూస్తే 25 వేల సీట్లు. గప్పుడు పెద్దోళ్ల సీజన్ టికెట్ 138 పౌండ్లకే ఇచ్చిండ్రు. సొంత గ్రౌండ్ల 23 మ్యాచ్‌లు, అంటే ఒక్కోదానికి 6 పౌండ్లు. 12 వేలకు పైగ అమ్ముడువోయినయ్. కింది లీగ్‌కు దిగినంక జనం పెరిగిండ్రు!

లెక్క సీదానే. కుర్చీ ఖాళీగున్నా మ్యాచ్ ఖర్చు తప్పదు. పైగ సీజన్ షురూ కాకముందే పైసలు చేతికొస్తయ్. కాకపోతే ఒక చిక్కున్నది. ఎక్కువ ధర కట్టే పాతోళ్లు సుత తక్కువే కడ్తరు. అందుకే కొత్తోళ్లు మస్తుగ రావాలె.

అగ్గువ టికెట్ గోల్స్ కొట్టదు. బ్రాడ్‌ఫర్డ్‌కు పై లీగ్ ఎక్కనీకి 2013 దాకా పట్టింది. అయినా 2015-16ల 149 పౌండ్ల టికెట్లు 18 వేలు దాటినయ్.

చిన్న క్లబ్ నడిపేటోళ్లు రేటు రాసేముందు, పోయిన ఏడు ఖాళీగున్న కుర్చీలు లెక్కవెట్టాలె.