సంచి నోరు తెరిచిన కథ

వ్యాపారంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటని అడిగితే అప్పు వసూలు చేయడమని అందరూ అంటారు. మా నాయన మాత్రం "కవరు మూతి తెరవడం" అనేవాడు.

కొత్తపల్లెలో మాకొక చిన్న అంగడి వుండేది. సరుకు ఆళ్లగడ్డ నుంచో నంద్యాల నుంచో బస్సు టాపు మీద రావాలి. బ్యాళ్లు, బెల్లం, చింతపండు, వక్కాకు, కిరసనాయిలు అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. కొనేవాళ్లు ఇంటి నుంచి సంచి తెచ్చుకునేవాళ్లు. సంచి మరిచిపోతే మగవాళ్లకు పైపంచె, ఆడవాళ్లకు చీరకొంగు వుండనే వున్నాయి. చిల్లర సరుకులకు పొట్లాలు. పాత వారపత్రికలను తూకానికి కొని, కాగితాన్ని గరాటులా చుట్టి, అడుగు మెలితిప్పి, సరుకు పోసి, పైన మడిచి, దారం చుట్టి పుటుక్కున తెంపడం పిల్లలమైన మా పని.

చెబితే నవ్వుతారేమోగాని, సాహిత్యంతో నాకు పరిచయం ఆవాల పొట్లాల దగ్గరే జరిగింది. ఒక సీరియల్లో కథానాయిక అలిగి రైలెక్కే దాకా చదివాను. ఆమె ఏ స్టేషన్లో దిగిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తరువాతి పేజీలో ధనియాలు కట్టి ఎవరికో ఇచ్చేశాం.

ఆ తరువాత ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. వాటిని కట్టగా కొక్కానికి తగిలించాడు నాయన. చుట్టే పని, దారం పని తప్పినందుకు మేమంతా సంతోషించాం. తీరా చూస్తే ఆ కవరుకు రెండు పొరలు ఒకదానికొకటి అతుక్కుని వుండేవి. నాయన బొటనవేలితో రుద్దేవాడు, నాలిక మీద వేలు తడుపుకునేవాడు, ఉఫ్ అని వూదేవాడు. చివరికి "దీని మూతి యాడుందో చూడు నాయనా, నీవి చిన్న కండ్లు" అని నా చేతికిచ్చేవాడు. ఎదురుగా బెల్లం కోసం నిలబడ్డ అవ్వ ఒకనాడు "తెల్లారేలోగా తెరుస్తావా అప్పా?" అంది. అంగడిలో అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు.

ఇదంతా నాకు మళ్లీ గుర్తుకొచ్చింది డాలస్‌లో. కొన్నేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ఒక పెద్ద అంగడికి తీసుకుపోయాడు. డబ్బు కట్టేచోట ఇనుపకమ్మీల చట్రానికి సంచుల కట్ట తగిలించి వుంది. అక్కడి అమ్మాయి సరుకులు నింపి ముందు సంచిని లాగింది. అది కదిలిపోతూనే వెనకాల సంచి, తల్లి గూటికి రాగానే పక్షిపిల్ల నోరు తెరిచినట్లు, తానంతట తానే బార్లా తెరుచుకుంది! దాన్ని లాగితే ఆ వెనకది. వేలు తడపడం లేదు, వూదడం లేదు.

"ఏం చూస్తున్నావు నాయనా, రా" అన్నాడు మావాడు.

"మీ తాత చూడవలసిందిరా" అన్నాను.

ఇంటికి వచ్చాక ఆ సంచి సంగతేమిటో కనుక్కుందామని పుస్తకాలూ పేటెంటు కాగితాలూ తిరగేశాను. చూస్తే మూతి తెరుచుకునే సంచి కోసం మనుషులు పడ్డ పాట్లు ఈనాటివి కావు.

1852లో అమెరికాలోని బెత్లెహేమ్ అనే ఊళ్లో ఫ్రాన్సిస్ వోల్ అనే ఆయన కాగితపు సంచులు చేసే యంత్రం కనిపెట్టాడు. ఆ సంచి ఉత్తరం కవరులాంటిది. అడుగు లేదు గనుక నిలబడదు. తరువాత మార్గరెట్ నైట్ అనే మహాతల్లి బయలుదేరింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సంచుల కంపెనీలో పని చేస్తూ, చదరపు అడుగున్న సంచిని చేసే యంత్రానికి కొయ్యతో నమూనా తయారు చేసింది. దాన్నే ఇనుముతో చేయిస్తూ వుండగా చార్లెస్ అన్నన్ అనేవాడు చూసిపోయి, తన పేరున పేటెంటుకు దరఖాస్తు పెట్టేశాడు. ఆమె వూరుకోలేదు. తను గీసిన బొమ్మలూ, రాసుకున్న కాగితాలూ, సాక్షులూ పెట్టుకుని దావా నడిపి గెలిచింది. 1871లో పేటెంటు ఆమె పేరునే వచ్చింది.

అసలు మలుపు 1883లో. చార్లెస్ స్టిల్వెల్ అనే ఆయన సంచికి రెండు పక్కలా మడతలు పెట్టే యంత్రం చేశాడు. ఆ సంచులను చదునుగా మడిచి దొంతరగా పేర్చుకోవచ్చు. కావలసినప్పుడు చేత్తో ఒక్క విదిలింపు విదిలిస్తే నోరు తెరిచి, అడుగు పరుచుకుని, బల్ల మీద నిలబడుతుంది. దానికి "సెల్ఫ్ ఓపెనింగ్ శాక్" అని పేరు పెట్టారు. పొట్టిగా ఎస్.ఓ.ఎస్. మునిగిపోయే ఓడలు ఎస్.ఓ.ఎస్. అని మొరపెట్టుకోవడం ఆ తరువాతి మాట. అంతకుముందే అంగళ్లవాళ్ల మొర ఆలకించిన ఎస్.ఓ.ఎస్. ఇది.

కాగితానికి ఒక గుణం వుంది. ఒకసారి మడత పెడితే ఆ మడత గుర్తుంచుకుంటుంది. ప్లాస్టిక్కుకు ఆ బిగువు లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాలిథిన్ పుట్టుక కూడా పొరపాటున జరిగినదే. 1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్‌లో ఐ.సి.ఐ. కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు ఫాసెట్, గిబ్సన్ అనేవాళ్లు ఎథిలీన్ వాయువును మరో రసాయనంతో కలిపి విపరీతమైన ఒత్తిడిలో వుంచారు. అనుకున్నది రాలేదుగాని, పాత్రలో తెల్లటి మైనంలాంటి పదార్థం మిగిలింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది రాడార్ తీగలకు తొడుగైంది. ఇంటి సంచి కావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. స్వీడన్‌లో సెల్లోప్లాస్ట్ కంపెనీలో పనిచేసే స్టెన్ గుస్టాఫ్ థూలిన్ అనే ఇంజనీరు పాలిథిన్ గొట్టాన్ని చదును చేసి, పైనా కిందా వేడితో అతికించి, పైభాగాన ఒక ముక్క కత్తిరించి తీసేశాడు. మిగిలినవే రెండు చెవులు. అచ్చం బనీను ఆకారం. 1965లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. 1982లో అక్కడి పెద్ద అంగళ్లు క్రోగర్, సేఫ్‌వే ఈ సంచిని పట్టుకున్నాయి. ఇక దాన్ని ఆపేవాళ్లు లేకపోయారు.

ఇప్పుడు మా నాయన బాధకు కారణం చెబుతాను. కరిగిన పాలిథిన్‌ను సబ్బుబుడగలాగా వూది, పొడుగాటి గొట్టం చేసి, రోలర్ల మధ్య నొక్కి చదును చేస్తారు. లోపలి గాలంతా పోతుంది. రెండు పొరలూ పలుచన, నునుపు. పైగా రాపిడికి పుట్టే విద్యుత్తు. తడి గాజుపలకల్లా కరుచుకుంటాయి. అంచేత జారుడు కోసం కరిగించేటప్పుడే ఒక మందు కలుపుతారు. దాని పేరు ఎరుకమైడ్. ఆవనూనె జాతి నూనెల్లో వుండే ఆమ్లం నుంచి తీస్తారు దాన్ని. ఆవాల పొట్లాన్ని తరిమేసిన కవరులో చివరికి ఆవాల అంశ వుందని తెలిసి నాకు నవ్వొచ్చింది.

డాలస్‌లో చూసిన సంచి ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. 1990ల తొలి ఏళ్లలో సోనోకో వంటి అమెరికా కంపెనీలు దీని మీద పేటెంట్లు తీసుకున్నాయి. కిటుకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, సంచి లోపల జారాలి, బయట అంటుకోవాలి. అందుకోసం సంచి బయటి ముఖం మీద హెచ్చు వోల్టేజీ విద్యుత్తును చిటచిటలాడిస్తారు. వాన తుంపర్లో హైటెన్షన్ తీగల దగ్గర చెవికి వినిపిస్తుందే, ఆ చిటచిటే. దాన్ని కరోనా అంటారు. మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టిన కరోనా కాదు లెండి, ఇది పాత కరోనా. అది తగిలిన చోట పాలిథిన్ స్వభావం మారి, సిరా పడితే పట్టుకుంటుంది. అలాంటి రెండు ముఖాలను కలిపి నొక్కితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చెవులు కత్తిరించేటప్పుడు కట్టనంతా అక్కడక్కడా గట్టిగా నొక్కితే ముందు సంచి వీపు, వెనక సంచి పొట్ట లేశంగా అతుక్కుంటాయి. ముందుది వెళుతూ వెనకదాని ముందుపొరను తనతో లాగుతుంది. నోరు తెరుచుకుంటుంది. అంతట అతుకు వూడిపోతుంది. పెళ్లికూతురితో చెల్లెలు వూరి పొలిమేర దాకా నడిచి, అక్కడ చెయ్యి వదిలి నిలబడిపోయినట్లు. ఆ అతుకు మరీ గట్టిదైతే సంచి చిరుగుతుంది, మరీ వదులైతే తెరుచుకోదు. ఆ నడిమి పాళం దొరకడంలోనే వుంది ఇంజనీర్ల పనితనం.

ఇంత చదివాక మా నాయన ముచ్చటపడేవాడనే అనుకున్నాను. కాని వెంటనే ఆవు గుర్తుకొచ్చింది.

నాయన అంగడి నడుపుతున్న రోజుల్లోనే మా ఇంటి ఆవు మేత మానేసింది. ఎడమ డొక్క వుబ్బింది. డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసి, లోపల ఏదో గట్టిగా వుందన్నాడు. మూడోనాటికి పోయింది. కోసి చూస్తే మొదటి కడుపు నిండా కవర్లే. తాడులా పెనవేసుకుని ముద్దయిపోయాయి. పాలిథిన్ అరగదు, కిందికి దిగదు. కడుపు నిండినట్లే వుంటుంది గనుక ఆవు మేత ముట్టదు. ఎండుకుని పోతుంది. ఆ ముద్దలో ఒక కవరు ముడి విప్పకుండానే వుంది. మిగిలిన అన్నమో, కూరగాయల తొక్కో మూటగట్టి ఎవరో పారేశారు. తొక్క కోసం ఆవు కవరుతో సహా మింగింది. మనం వేలు తడిపి తెరుస్తాం. ఆవు ఏం పెట్టి తెరుస్తుంది?

నాయన వంగి ఆ ముడిని చూశాడు. రెండు చెవులూ కలిపి, ఒక సుడి తిప్పి, ఎడమకు లాగి బిగించే ముడి. మా అంగడిలో బెల్లం కట్టే ముడి.

"ఇది నేను వేసిందే" అన్నాడు. అంతకన్న ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం కొక్కానికున్న కవర్ల కట్ట తీసేశాడు. మరునాటి నుంచి సంచి లేకుండా ఎవరొచ్చినా "కొంగు పట్టమ్మా" అనేవాడు. రెండు బేరాలు పోయాయి. పోనీలే అన్నాడు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మన రాయలసీమలోనే పుట్టపర్తిలో వున్న కరుణా సొసైటీ, ఆవుల కడుపుల్లోని ప్లాస్టిక్ గురించి 2012లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఇది ఇలాగే సాగితే రాబోయే తరానికి అణుబాంబును మించిన ముప్పు అవుతుందన్నారు న్యాయమూర్తులు. ప్రభుత్వమూ వూరుకోలేదు. సంచి మందం 1999లో కనీసం 20 మైక్రాన్లన్నారు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మందం పెరిగితే ధర పెరుగుతుంది, పారేయడానికి చెయ్యి రాదు, ఏరుకునేవాళ్లకూ గిట్టుతుందని లెక్క. తమాషా ఏమిటంటే, మందం పెరిగిన కవరుకు బిగువు వస్తుంది. మూతి సులువుగా తెరుచుకుంటుంది.

1852 నుంచి అంతమంది మేధావులు సంచి బతుకులో మొదటి అరక్షణం గురించే తలలు బద్దలుకొట్టుకున్నారు. చివరి క్షణం గురించి పట్టించుకున్న వాళ్లు తక్కువ. లేరని అనను. థూలిన్ తన సంచిని మడిచి ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరిగేవాడనీ, జనం దాన్ని మళ్లీ మళ్లీ వాడతారనే అనుకున్నాడనీ ఆయన కుమారుడు చెప్పాడు. ఒక్కసారి వాడి పారేస్తారని ఆయన వూహించలేదు. ఇక మన దగ్గర, అగ్ని క్షిపణుల రూపకల్పన చేసిన హైదరాబాదు అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ మట్టిలో కలిసిపోయే సంచిని తయారు చేసింది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం వాటి అమ్మకం మొదలైంది. క్షిపణి చేసే చేతులు లడ్డూ సంచికి ముగింపు వెతికాయంటే, ఆ ముగింపు ఎంత కష్టమైనదో చూడండి.

నాయన పోయి చాలా ఏళ్లయింది. డాలస్ అంగడికి ఆయన వచ్చి వుంటే ఏం చేసేవాడో నాకు తెలుసు. ఆ సంచి నోరు తెరవడం చూసి పిల్లాడిలా నవ్వేవాడు, ఇంకోసారి లాగమ్మా అని అడిగేవాడు. తరువాత "అది సరే, ఇవన్నీ కడాకు యాడికి పోతాయి?" అని అడిగేవాడు.

ఈమధ్య నేను సంతకు పోతే గుడ్డసంచి మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. దాని మడతలు విప్పి మూతి తెరవడానికి రెండు చేతులూ కావాలి, కాస్త సమయమూ పడుతుంది. మొన్న నా వెనక నిలబడ్డ కుర్రవాడు విసుక్కుని "తెల్లారేలోగా తెరుస్తావా పెద్దాయనా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. నాయన నవ్విన నవ్వే నేనూ నవ్వాను.