గుర్తుకు గుర్తు కలవాలె

ఫోను జేబుల పెట్టుకో బిడ్డా, ముచ్చట జర పొడుగున్నది. చిట్యాల మీంచి పోయే ఈ రోడ్డును ఇప్పుడు అరవై ఐదో నంబరంటున్నరు గని, మా కాలంల తొమ్మిదో నంబరే. హైదరాబాద్ నుంచి బెజవాడ పోయే అంబాసిడర్లు చౌటుప్పల్ దాటినంక దగ్గుకుంట వచ్చి మా షెడ్డు ముంగట ఆగేవి. డ్రైవరు చెప్పులు బయట ఇడిచి, "ఉస్తాద్, బండి గుంజుతలేదు" అనెటోడు. నులక మంచం వేసి, అర్ధరూపాయి చాయ్ తాపినంకనే బానెట్ ఎత్తేది. ఇప్పటోళ్లు బండి దిగకముందే "ఎంతసేపైతది" అంటున్నరు. నువ్వు గూడ గంతే, నాకెరుకే.

అంబాసిడర్‌ల టైమింగ్ బెల్టు లేదు, టైమింగ్ చైనుండేది. సాగితే గరగరమని ముందే చెప్పేది. చైను కంటే మాకు రోజూ తగిలే పని, ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కో టైమింగు. మొదటి ప్లగ్గు ఇప్పి, ఆ బొక్క మీద బొటనవేలు పెడితే, ఇంకొకడు హ్యాండిల్ రాడ్‌తోని మెల్లగ తిప్పేటోడు. గాలి వేలును తన్నిందంటే పిస్టన్ కంప్రెషన్‌ల పైకొస్తున్నట్టు. పుల్లీ మీది గుర్తు కలవంగనే చావి ఆన్ చేసి, డెల్కోకు చిన్న బల్బు తగిలించి, డెల్కోను జర్రంత అటిటు తిప్పేది. డెల్కోల పాయింట్లు విడిపోంగనే బల్బు వెలిగేది. ఆడ బిగించేది.

డెల్కో ముచ్చటల పడి బెల్టును మరుస్తున్న. 1983 డిసెంబరుల మారుతి వచ్చింది. యాభై వేల దరిదాపు ధర, మూడు సిలిండర్లు, 796 సీసీ. దాన్ల చైను జాగల పండ్ల రబ్బరు బెల్టు. అది చైను లెక్క మొత్తుకోదు. ఓ దినం తెగుతది, బండి ఆడ్నే నిలుస్తది. కొన్ని ఇంజిన్లల్ల పిస్టన్ తగిలి వాల్వులే వంగుతయి.

బెల్టు పిస్టన్ల దిక్కు క్రాంకును, వాల్వులు తెరిచే క్యామ్‌ను కలిపి తిప్పుతది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే. అందుకే రెండిటి గుర్తులూ కలిపినంకనే పాత బెల్టు తియ్యాలె. కొత్తది ఎక్కించేటప్పుడు, బెల్టును బిగువుగ పట్టే టెన్షనర్ లేని దిక్కు జర గూడ వదులుండొద్దు. ఎక్కిందని చావి తిప్పుతరు పోరగాండ్లు. ఇల్లు అలకంగనే పండుగయితదా? క్రాంకు బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే దిక్కుకే చేత్తోని నిండు రెండు చుట్లు తిప్పి, మళ్లా గుర్తులు చూడాలె.

ఒక్క పన్ను తప్పినా శానా బండ్లు స్టార్టయితయి, గదే మోసం. ఎత్తు ఎక్కదు, నిలబెడితే వణుకుతది, పెట్రోలు తాగుతది. ఓనరేమో కార్బురేటర్ ఇప్పిస్తడు, ప్లగ్గులు మారుస్తడు, ఆఖరికి నిమ్మకాయలు కడతడు. బెల్టు మూత ఇప్పి గుర్తులు మాత్రం చూపియ్యడు.

నువ్వు పాత బండి కొంటున్నవట గద. బెల్టు ఎప్పుడు మార్చిన్రో కాగితం లేకుంటే మార్చలేదనే అనుకో, ముందుగాల కొత్తది వేయించు. దానికి ఆయిల్ తగలనీయకు. చేత్తో తిప్పేటప్పుడు ఏదన్న గట్టిగ తట్టిందా, బలవంతం చేయకు బిడ్డా. ఆడ్నే ఆపి గుర్తులు చూడు.