ఆబాదీ: ఊరెవరిది?

తెలంగాణా రెవెన్యూ కాగితాలు తిరగేసిన వారికి 'ఆబాదీ' కొత్త మాట కాదు. ఇళ్ళున్న స్థలమని దాని అర్థం. ఉర్దూలో జనసంఖ్యను కూడా ఆబాదీ అనే అంటారు. మాట పుట్టిల్లు పారశీకం. ఇరాన్ జనాభా లెక్కల్లో గ్రామానికి వాడే పేరు ఇదే. ఊరెక్కడుంది, అందులో ఎందరున్నారు అన్న రెండు ప్రశ్నలూ ఈ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఊరెవరిది అన్న ప్రశ్న మాత్రం ఇమడలేదు.

టెహరాన్‌కు దక్షిణాన, రే ప్రాంతపు మైదానంలో, తాలెబాబాద్ అనే పారశీక గ్రామముంది. జనాభా పట్టికలో ఇటువంటి ఊరికి దక్కేది ఒక్క వరుస: ఫలానా ఉస్తాన్, షహరెస్తాన్, బఖ్ష్, దెహెస్తాన్, ఇన్ని కుటుంబాలు, ఇందరు మనుషులు. జవాద్ సఫీనెజాద్ అదే ఊరిపై ఒక గ్రంథమే వ్రాశాడు. ఆయన తల లెక్కతో ఆగలేదు; ఎవరు ఎవరితో కలిసి దున్నుతున్నారో చూశాడు. కొందరు కౌలుదార్లు జట్టుగా చేరి, నీటి పంపకం తెలిసిన 'ఆబ్‌యార్' నాయకత్వాన సేద్యం చేసేవారు. ఆ జట్టు పేరు 'బునె'. ఎండిన నేలలో, వంతులవారీగా వచ్చే నీటితో ఒంటరి సేద్యం సాగదు గదా!

పంట పంపకానికి ఒక సూత్రముండేది: భూమి, నీరు, విత్తనం, ఎద్దులు, శ్రమ, ఒక్కొక్కదానికి ఒక్కొక్క భాగం. రెక్కలు తప్ప మరేమీ లేనివానికి ఈ లెక్కన దక్కేది ఐదింట ఒకటి. ఆచరణలో వాటాలు ఊరూరికీ మారేవి. సేద్యగానిని అక్కడ 'రయ్యత్' అన్నారు. మన 'రైతు' ఆ మాటే. ఊరినేమో ఆరు 'దాంగు'ల ఆస్తిగా లెక్కించారు.

1962 భూసంస్కరణ చట్టం కూడా ఈ కొలతనే స్వీకరించింది. భూస్వామి ఆరు దాంగుల ఊరు ఒకటి తనకుంచుకోవచ్చు, మిగిలినవి ప్రభుత్వానికి అమ్మాలి. ఎకరాలలో గాక ఊళ్ళలో పరిమితి పెట్టవలసి వచ్చిందంటే అక్కడి భూస్వామ్యం ఎంతటిదో ఊహించవచ్చు. ప్రభుత్వం కొన్న భూమి సాగుహక్కు, అంటే 'నసఖ్', ఉన్న కౌలుదార్లకు పోయింది. ఆ హక్కు లేని కూలీలకు ఏమీ రాలేదు. వీరిని 'ఖుష్‌నషీన్' అంటారు; సుఖంగా కూర్చున్నవాడని మాటకు అర్థం! ఈ పేరు పెట్టినవాడు కూలివాడు కాడని వేరే చెప్పనక్కరలేదు. జనాభా పట్టికలో మాత్రం నసఖ్ ఉన్నవాడూ ఒకటే, లేనివాడూ ఒకటే.

1956లో, మొదటి దేశవ్యాప్త గణనలో, ఇరానీయులలో నూటికి 68 మందికి పైగా పల్లెవాసులు. 2016 నాటికి 26 మంది. దీన్ని చూసి పల్లెలన్నీ ఖాళీ అయ్యాయనడం తొందరపాటు. 1956లో గ్రామీణులు సుమారు కోటీ 30 లక్షలు. 2006లో 2 కోట్ల 21 లక్షలు. 2016లో 2 కోట్ల 7 లక్షలు. అంటే పల్లె జనం చాలాకాలం పెరిగింది, పట్టణం అంతకంటె వేగంగా పెరిగింది. పల్లెల అసలు తరుగుదల ఇటీవలిది. దానికి 1962 చట్టమొక్కటే కారణమనలేము. నూనె ఆదాయంతో పెరిగిన పట్టణాలున్నాయి, అడుగంటిన నీళ్ళున్నాయి. కాని పట్టణం పిలిచినప్పుడు, పొలం కట్టివేయని ఖుష్‌నషీన్ కాలు ముందు కదలడం సహజం.

మరీ కొద్ది కుటుంబాలే మిగిలిన ఊళ్ళకు ఆ పట్టికల్లో జనసంఖ్య అచ్చువేయరు. దెహెస్తాన్ పేరుంటుంది, ఊరి పేరుంటుంది, ఎదుట అంకె ఉండదు.