రెండు జీన్ల పని ఒకటేనా? కంప్యూటర్ ఎలా తేలుస్తుంది?

మనిషిలో ప్రోటీన్లకు మూలమైన జీన్లు దాదాపు 20,000. వీటిలో ఏవి ఒకే తరహా పని చేస్తాయో అంకెల్లో కొలవడాన్ని పనిపరమైన పోలిక అంటారు. అరుదైన జబ్బుతో పుట్టిన బిడ్డకు జన్యు పరీక్ష చేస్తే అనుమానించాల్సిన జీన్లు ఒక్కోసారి చాలానే బయటపడతాయి. ఆ జబ్బుకు కారణమని ముందే తెలిసిన జీన్లతో ఏది బాగా కలుస్తుందో తెలిస్తే, మొదట దేన్ని పరిశీలించాలో తేలుతుంది.

అక్షరాల వరస పోల్చితే సరిపోదా? అన్నిసార్లూ సరిపోదు. తలసీమియాలో దెబ్బతినే ఆల్ఫా, బీటా గ్లోబిన్లు కలిసే ఆక్సిజన్ మోస్తాయి. కానీ వాటి అమైనో ఆమ్లాల్లో సగం కూడా కలవవు.

జీన్ ఆంటాలజీ

1998లో ఈగ, ఎలుక, ఈస్ట్ పరిశోధకులు కలిసి మొదలుపెట్టిన పదకోశం ఇది. జీన్ చేసే పని, పాల్గొనే ప్రక్రియ, కణంలో దాని చోటు అని మూడు శాఖలు. పైన సాధారణ పదాలు, కిందికి దిగేకొద్దీ నిర్దిష్టమైనవి. ఒక రకంగా ఖాన్‌దాన్ షజ్రా లాంటిదే. తేడా ఏంటంటే, ఇక్కడ ఒక పదానికి చాలామంది 'తల్లిదండ్రులు' ఉండొచ్చు.

ముఖ్య పద్ధతులు

రెస్నిక్ (1995): రెండు పదాలకు ఉమ్మడి పూర్వీకుల్లో అన్నిటికన్నా అరుదైనదాన్ని చూస్తుంది. అది ఎంత అరుదైతే మార్కులు అంత ఎక్కువ. ఆ పూర్వీకుడి నుంచి పదాలు ఎంత దూరం దిగాయో మాత్రం పట్టించుకోదు.

లిన్ (1998): ఆ దూరాన్నీ లెక్కలోకి తెచ్చి 0 నుంచి 1 మధ్య మార్కు ఇస్తుంది. చిక్కేంటంటే, మరీ సాధారణమైన పదమైనా రెండు జీన్లకూ అదే ఉంటే పూర్తి మార్కు పడిపోతుంది.

వాంగ్ (2007): పదం ఎంత అరుదో చూడదు, షజ్రా ఆకారం మీదే లెక్క కడుతుంది.

సిమ్‌జిఐసి: రెండు జీన్ల పదాలన్నీ పూర్వీకులతో సహా కుప్పపోసి, ఉమ్మడి భాగం ఎంతో చూస్తుంది.

ఏది మేలు?

అన్నిచోట్లా గెలిచే పద్ధతి లేదు. వరస పోలికతో, ప్రోటీన్ల కలయికతో సరిచూస్తే ఒక్కోచోట ఒక్కోటి ముందుంటుంది. పైగా చాలా గుర్తులు వరస పోలికను బట్టి కంప్యూటర్ అంటించినవే. వాటిని మళ్లీ వరసతోనే సరిచూస్తే తిరిగి మొదటికే వస్తాం. ఎవరూ సరిగా పరిశోధించని జీన్‌కు పదాలే తక్కువ కాబట్టి మార్కులూ తగ్గుతాయి. అంతమాత్రాన అది నిర్దోషి అని కాదు.

అందుకే ఈ మార్కు ఎక్కడ వెతకాలో చూపే దారి మాత్రమే. జబ్బును తేల్చాల్సింది రోగ లక్షణాలు, కుటుంబ చరిత్ర, ల్యాబ్ ఆధారాలు చూసిన జన్యు వైద్యులే.