బలమునకు తెలుగు మాట

సూర్యాపేట నుండి కోదాడకు పోవు బాటలో మునగాల కలదు. నేడు ఆ బాటన పోవువారికి అక్కడ ఏ సరిహద్దును కానరాదు. కాని ఒకప్పుడు నిజాము రాజ్యమధ్యమున మునగాల పరగణా ద్వీపమువలె నిలిచి, ఇంగ్లీషువారి పాలనలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. బలము, పీడనము, ఘర్షణము మొదలగువానిని పిల్లలకు బోధించుటను గూర్చి తలచునపుడెల్ల మాకు ఆ సరిహద్దు జ్ఞాపకము వచ్చును.

సరిహద్దుకు ఈవల సూర్యాపేట, మిర్యాలగూడ బాలుడు పై తరగతులకు పోయిన కొలది ఉర్దూలో చదువవలసి వచ్చెడిది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నత శాస్త్రములను సైతము ఉర్దూలో బోధించెను. దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునని నిరూపించిన ఘనత దానిది. అయితే ఆ భాష మన పల్లె ఇండ్లలోని భాష కాదు. సరిహద్దుకు ఆవల ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు రాజ్యమేలెను.

ఆ బాలునికి బలమనగా తెలియదా? తండ్రి మోట తోలుచుండగా వాడు చూచినవాడే. ఎద్దులు బావి నుండి పల్లమువైపు నడచును. అందుచే వాని బరువు కూడ లాగుటకు తోడ్పడును. గిలక తిరుగుచుండుటచే మోకు ఒరపిడికి తెగదు. ఏతము తొక్కువాడు తన బరువుతోనే నీటిని పైకి తెచ్చును. ఇంత కన్నవాడు బడిలో ‘కువ్వత్’ అనియో ‘ఫోర్సు’ అనియో వల్లె వేయుచుండెను. చూచినదానికిని చదివినదానికిని నడుమ వంతెన లేకపోయెను.

ఆ వంతెన కట్టబూనినవారిలో ముఖ్యుడు మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు మొదలగువారితో కలసి ఆయన 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో మిత్రులతో కూడి విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిరి. చరిత్రలతోపాటు పదార్థ విజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము మున్నగు విషయములపై మండలి తెలుగున గ్రంథములు వెలువరించెను. పరగణా చిన్నది, అక్కడి తలపు మాత్రము తెలుగు దేశమంతటికిని చాలినది.

ఇది మన ఒక్కరి కథ కాదు. బల సూత్రములను చెప్పిన న్యూటను మహాశయుని గ్రంథము 1687లో లాటినున వెలువడెను. ఆయన మాతృభాషయగు ఇంగ్లీషులోనికి అది 1729లో గాని రాలేదు. అప్పటికి ఆయన గతించి రెండేండ్లయ్యెను.

1948లో నిజాము పాలన ముగిసెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. పిదప మునగాల నల్లగొండ జిల్లాలో చేరెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి కళాశాల తరగతులకు తెలుగు పాఠ్యగ్రంథములను సమకూర్చెను. ఈ నడుమనే, 1967లో, నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడెను. మిర్యాలగూడ, కోదాడ పొలములకు ఎడమ కాలువ నీరు పారెను.

ఆ ఆనకట్టకంటె మంచి పాఠము మరియొకటి లేదు. అది పునాది నుండి సుమారు 124 మీటర్ల ఎత్తున కట్టిన రాతికట్టడము. తన బరువుతోనే నీటి త్రోపుడును ఆపుచున్నది. అడుగున వెడల్పు ఏల? లోతు పెరిగిన కొలది నీటి ఒత్తిడి పెరుగును గనుక. పది మీటర్ల లోతున ఒక చదరపు మీటరుపై నీరు సుమారు పది టన్నుల బరువుతో ఒత్తును. రేకు డబ్బాకు ఒకదానిపై నొకటిగా మూడు రంధ్రములు పొడిచి నీరు నింపుడు. అడుగు రంధ్రము నుండి నీరు అన్నిటికంటె వేగముగా చిమ్మును. పిల్లలు ఇది చూచి ‘ఒత్తిడి’ అన్న పిమ్మట ‘పీడనము’ అనిన చాలును. చూడకమునుపే అనినచో పీడనమును ఒక కువ్వత్తే యగును.

2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడెను. పాఠ్యపుస్తకములలో ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు. ఇంగ్లీషు వలదని మేము చెప్పము. లోకజ్ఞానమునకు అది ద్వారము. నేటి బాలుడు మోటను ఎరుగడు గాని, బోరు పంపును, కాలువ తూమును, బియ్యపు మిల్లు పట్టాను ఎరుగును. ఉపాధ్యాయుడు మొదట వానిని చూపి, తెలుగు పుటను చదివించి, అటుపిమ్మట ఎదుటి పుటకు పోవలెను. తెలుగు పుట తెరువకుండ దాటిపోయినచో, మునగాల వద్ద చెరిగిన ఆ పాత సరిహద్దు పుస్తకము నడుమ మరల వెలయును.