మున్షీ పేరు ఎక్కడ?

మన ఇళ్లలో మున్షీ అంటే ఖాతాలు రాసేవాడు, అర్జీలు రాసేవాడు. ఖలమ్ అతనిది, మాట మాలిక్‌ది. టాకీలు వచ్చిన కొత్తలో బొంబాయి స్టూడియోలు ఉర్దూ డైలాగులు రాసే అదీబుల్ని కూడా ఈ మాటతోనే పిలిచాయి. సాదత్ హసన్ మంటో అంతటివాడు కూడా ఒకప్పుడు స్టూడియో మున్షీయే.

మున్షీకి ఇజ్జత్ ఉంది గానీ హక్ లేదు. ఆ హక్ కోసం సినిమా రచయితలు అంజుమన్ కట్టుకున్న కిస్సా ఒకటి ఉంది. అది జరిగింది మనకు చాలా దూరంలో, హాలీవుడ్‌లో. కానీ చదువుతుంటే అందులో తగాదాలన్నీ మన మొహల్లా తగాదాల్లాగే అనిపించాయి. అందుకే రాస్తున్నా.

1933 మార్చి. అమెరికాలో బ్యాంకులు మూతబడ్డాయి. డబ్బు ఆడటం లేదని చెప్పి హాలీవుడ్ మాలిక్‌లు జీతాల్లో సగం కోత పెట్టారు. సెట్టు మీద పనిచేసే మేస్త్రీలు, లైట్లవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్లకు యూనియన్ ఉంది, కాబట్టి వాళ్ల జోలికి ఎవరూ పోలేదు. కోత పడింది యూనియన్ లేని రచయితలకు. సుత్తి పట్టినవాడికున్న తాకత్ కలం పట్టిన తమకు లేదని వాళ్లకు అప్పుడు అర్థమైంది. స్క్రీన్ రైటర్స్ గిల్డ్ అనే పేరు 1920ల్లోనే ఉంది గానీ అప్పుడది పేరుకే సంఘం, అసలుకి కబుర్లు చెప్పుకునే క్లబ్బు. 1933 ఏప్రిల్‌లో దాన్నే మజ్దూర్ సంఘంగా మళ్లీ నిలబెట్టారు. జాన్ హోవర్డ్ లాసన్ అనే నాటక రచయిత సదర్ అయ్యాడు.

లోపలి కథ ఇక్కణ్ణుంచే మొదలు. మొదటి తగాదా, మనం మజ్దూర్లమా, కళాకారులమా అని. వారానికి వేల డాలర్లు తీసుకునేవాళ్లు, పదుల డాలర్లతో నెట్టుకొచ్చేవాళ్లు ఒకే మజ్లిస్‌లో కూర్చోవాలి. పైవరసవాళ్లకు యూనియన్ అన్న మాటే నామోషీ. 1936లో గిల్డ్ పెద్దలు ఇతర రచయితల సంఘాలతో చేతులు కలపాలనీ, 1938 మే దాటి నడిచే కాంట్రాక్టుల మీద ఎవరూ దస్తఖత్ పెట్టకూడదనీ ప్రతిపాదించారు. అప్పుడు అందరి కాంట్రాక్టులూ ఒకేసారి ముగిసిపోతాయి, మాలిక్ దిగిరాక తప్పదు. ఈ ఉపాయం బయటపడగానే మాలిక్‌లు బెదిరింపులకు దిగారు. బాగా సంపాదించే కొందరు విడిపోయి స్క్రీన్ ప్లేరైట్స్ అనే పోటీ సంఘం పెట్టుకున్నారు. స్టూడియోలు దానికి వెంటనే తలుపులు తీశాయి. గిల్డ్ మాత్రం ఇళ్లల్లో చాటుమాటుగా మీటింగులు పెట్టుకునే స్థితికి పడిపోయింది. మాలిక్ దెబ్బను తట్టుకోవచ్చు. పక్కనే కూర్చున్నవాడు లేచి అవతలి గదిలోకి పోతే తట్టుకోవడం కష్టం.

అయినా చట్టం తోడొచ్చింది. కార్మిక సంఘాలకు హక్కులిచ్చిన వాగ్నర్ చట్టాన్ని 1937లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. 1938లో ప్రభుత్వం ఓటింగు పెడితే రచయితలు నాలుగింతలకు పైగా ఓట్లతో గిల్డ్‌నే గెలిపించారు. కాంట్రాక్టు అమల్లోకి రావడానికి మాత్రం 1942 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ కాంట్రాక్టులో నా దృష్టిలో జీతం కంటే పెద్ద విషయం పేరు. అంతకుముందు తెర మీద ఎవరి పేరు వేయాలో మాలిక్ ఇష్టం. ఐదుగురు రాసినా ఆయన బంధువు పేరు పడొచ్చు. ఇప్పుడా ఫైసలా గిల్డ్ చేతికొచ్చింది. తగాదా వస్తే తోటి రచయితలే రాతప్రతులన్నీ చదివి తీర్పు చెబుతారు.

ఇంత కష్టపడి తెచ్చుకున్న అమానత్‌ను గిల్డే చేజార్చుకుంది. 1947లో కమ్యూనిస్టుల వేట మొదలైంది. కమిటీ ప్రశ్నలకు జవాబివ్వనందుకు పదిమందికి జైలు పడింది. వాళ్లలో ఎక్కువమంది రచయితలే, మొదటి సదర్ లాసన్ కూడా ఉన్నాడు. 1950ల మొదట్లో అలాంటివాళ్ల పేర్లు తెర మీంచి తీసేసుకోవచ్చని గిల్డ్ స్టూడియోలతో ఒప్పుకుంది. జైలుకెళ్లొచ్చిన డాల్టన్ ట్రంబో 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' కథను దోస్తు పేరు మీద ఇచ్చాడు. ఆస్కార్ ఆ దోస్తు పేరు మీదే వచ్చింది. ట్రంబో 1976లో పోయాడు. ఆ సినిమాకు గిల్డ్ అతని పేరు తిరిగి ఎక్కించింది 2011లో.

మన దగ్గరా ఈ కథ ఉంది. 1934లో ప్రేమ్‌చంద్ బొంబాయి వెళ్లి అజంతా సినీటోన్‌కు మిల్లు మజ్దూర్ల కథ రాశారు. ఆ రోజుల్లోనే బనారస్‌లో ఆయన సొంత సరస్వతీ ప్రెస్‌లో జీతాల కోసం సమ్మె జరిగింది. ఒకే మనిషి ఒక ఊళ్లో మున్షీ, ఇంకో ఊళ్లో మాలిక్. తెలుగులో 'మాలపిల్ల'కు మాటలు రాసిన తాపీ ధర్మారావుగారే 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షులు. మల్లాది రామకృష్ణశాస్త్రిగారు మద్రాసులో ఎన్నో సినిమాలకు తెర మీద పేరు లేకుండానే రాశారు. బొంబాయి ఫిల్మ్ రైటర్స్ అసోసియేషన్ ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టరైంది 1960లో. పాట సొంతదారు నిర్మాతేనని 1977లో మన సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని సరిచేసే చట్టసవరణ 2012లో వచ్చింది. దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ కొట్లాడారు. సినిమా హాల్లో తప్ప ఇంకెక్కడ పాట వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను రాసిచ్చేయమని అడిగే హక్కు నిర్మాతకు లేదు.

ఇక మా పల్నాడు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల తిరనాళ్లు. అక్కడ పల్నాటి వీరుల కథ పాడే గాయకులు తరతరాలుగా దళితవాడల నుంచి వచ్చినవాళ్లు. ఆ కథను పుస్తకంగా చదివితే కవి పేరు శ్రీనాథుడని ఉంటుంది. సినిమాగా చూస్తే టైటిల్స్‌లో ఇంకెవరి పేరో ఉంటుంది. రాత్రంతా గొంతు చించుకుని దాన్ని బతికించినవాళ్ల పేర్లు రెండిట్లోనూ కనపడవు. హాలీవుడ్ గిల్డ్ అడిగిన సవాల్ కారెంపూడిలోనూ అడగాల్సిందే.

నాకూ ఇది పరాయి విషయం కాదు. లైన్ అకౌంట్ మీద పనిచేశాను. అచ్చయిన వార్తను కొలిచి పైసలిచ్చేవారు. అచ్చుకాని వార్త కోసం మాచర్ల దాకా బస్సులో తిరిగిన మెహనత్‌కు లెక్క లేదు. నేను తెచ్చిన ఒక పెద్ద వార్త వేరే పేరుతో వచ్చింది. మేం నలుగురం కలిసి అడుగుదామనుకున్నాం. ముగ్గురం మజ్దూర్లమంటే, నాలుగో భాయ్ 'మనం జర్నలిస్టులం, కూలోళ్లం కాదు' అన్నాడు. అడగడం అక్కడితో ఆగిపోయింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పనిచేసేవాడికి ఈ ఉల్జన్ లేదు, తనెవరో తనకు తెలుసు.

మజ్దూర్ చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వాలని మన ఇళ్లలో పిల్లలకు కూడా నేర్పుతాం. రాసేవాడి చెమట కనపడదు కాబట్టి ఆ మాట అతనికి వర్తించదన్నట్టు ఉంటాం. ఇప్పుడు మన పిల్లలు షార్ట్ ఫిల్ములకు, వెబ్ సిరీస్‌లకు రాస్తున్నారు. అమ్మీలకూ అబ్బాలకూ నా గుజారిష్ ఇదే. కథ వినిపించే ముందు దాన్ని రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించమనండి. దస్తఖత్‌కు ముందు కాంట్రాక్టులో రెండు చోట్లు చూడమనండి: డబ్బు ఎప్పుడిస్తారు, పేరు ఎక్కడ వేస్తారు. 'ముందు చాన్స్ రానీ, పేరుదేముంది' అని మాత్రం మనమే వాళ్లకు చెప్పొద్దు.